బయటివాళ్ళకు చూపలేదక్కా

మార్కాపురంలో పేటెంట్లకేం పని ఉంటుందని అడిగినవాళ్ళకు నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సరిగ్గా సమాధానం చెప్పలేదు. అడిగినవాళ్ళలో మా చుట్టాలున్నారు, మా ఆయన తోటి ఉద్యోగులున్నారు. నా బోర్డు చూసి మెట్లెక్కి వచ్చి, పాస్‌పోర్టు ఫారం నింపిపెడతారా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. కొందరి మీద విసుక్కున్నాను, కొందరికి టీ ఇప్పించి పంపాను. ఇప్పుడు బోర్డు దింపేశాను. ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఒకరిద్దరు అడిగారు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందే ఒక నిజం చెప్పేస్తాను. పని మానేసినందుకు నాకు బాధ లేదు, హాయిగా ఉంది. ఈ వృత్తిలో మనిషిని నమిలేది చట్టం కాదు, గడువు. ఒక్క తేదీ దాటిపోతే అవతలి మనిషి ఏళ్ళ కష్టం మన చేతుల్లోనే పోతుంది. ఎన్నో ఏళ్ళు నేను క్యాలెండరులో పండగలు చూడలేదు, గడువులే చూశాను. ఈ ఏడు ఉగాది ఏ వారం వచ్చిందో ఎవరినీ అడక్కుండా చెప్పగలిగాను. మా ఆయన ఆశ్చర్యపోయాడు.

ఇది ఏం పని

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. తర్వాత పేటెంటు ఏజెంటు పరీక్ష రాసి, చెన్నైలో ఒక పెద్దాయన ఆఫీసులో తొమ్మిదేళ్ళు చేశాను. మా ఆయనది రైల్వే ఉద్యోగం. ఆయనకు గిద్దలూరు బదిలీ కాగానే నా వృత్తి అయిపోయిందనుకున్నాను. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని అందరి మీదా కసురుకున్నాక, మార్కాపురంలో మేడ మీద ఒక గది తీసుకున్నాను. పొద్దున గిద్దలూరులో రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, ఆటోలో ఊళ్ళోకి వెళ్ళేదాన్ని.

పని ఏమిటో సూటిగా చెబుతాను. ఒక మనిషి ఇంతకుముందు ఎవరూ చేయని వస్తువు చేస్తాడు. అందులో కొత్త ఏమిటో మనం మాటల్లో పెట్టాలి, ఇంకొకడు సందు చూసుకుని దూరకుండా పెట్టాలి. దాన్ని చెన్నైలోని పేటెంటు కార్యాలయానికి పంపాలి. ఇది పాతదే కదా అని వాళ్ళు అడుగుతారు. కాదని చూపించాలి. ఎవరైనా అడ్డం తిరిగితే విచారణలో నిలబడి మాట్లాడాలి. గెలిస్తే, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఇరవై ఏళ్ళు ఆ వస్తువును అతని అనుమతి లేకుండా మరొకరు చేయకూడదు.

దీనికంతటికీ మొదటి షరతు ఒకటుంది. దరఖాస్తు పెట్టేదాకా ఆ వస్తువు లోకానికి తెలియకూడదు. నలుగురికీ తెలిసిపోతే అది కొత్తది కాదు, హక్కు రాదు. మినహాయింపులు లేకపోలేదు కానీ వాటిని పట్టుకుని వేలాడే గతి పట్టకూడదు. మా పడమటి ప్రకాశం వాళ్ళు బోల్తా పడేది సరిగ్గా ఈ షరతు దగ్గరే.

రోజూ చేసింది మాత్రం పేటెంట్ల పని కాదు. పలకల పెట్టెల మీద వేసే బొమ్మలు, కారప్పొడి పొట్లాల మీద పేర్లు, దోర్నాల దారిలో హోటళ్ళ పేర్లు, ఇవే ఎక్కువ. శ్రీశైలం బస్సులు ఆగేచోట ఒక హోటలు బాగా నడిచిందంటే, నెల తిరక్కుండా పక్కనే అదే పేరుకు ముందు 'అసలైన' అని తగిలించి ఇంకొకటి వెలుస్తుంది. దాని పక్కన 'సిసలైన' వస్తుంది. మొదటివాడు లబోదిబోమంటూ నా దగ్గరికి వస్తాడు. పేరు ఎప్పుడు నమోదు చేయించావంటే, చేయించాలా అంటాడు.

వద్దని చెప్పడం కూడా పనే

గిద్దలూరు పక్క పల్లె నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. గొర్రెల డెక్కల మధ్య పుండ్లు పడితే వాళ్ళ తాతల నాటి నుంచి ఒక ఆకు పసరు రాస్తారట. మందుల కంపెనీ మనిషి ఒకడు వచ్చి ఆ ఆకేమిటని మరీమరీ అడుగుతున్నాడట. దానికి పేటెంటు కావాలన్నాడు.

నేను వివరంగా చెప్పాను. తరతరాలుగా జనానికి తెలిసిన వైద్యానికి చట్టంలో పేటెంటు లేదు, ఇవ్వరు. పాపం, ఇంత దూరం వచ్చాడే అని నాకే మనసు చివుక్కుమంది. అంతా విని అతను అడిగాడు.

"నాకియ్యరు సరే. ఆ కంపెనీవానికిస్తారా?"

"ఆ పసరుకు వాళ్ళకూ ఇవ్వరు. ఎవరికీ ఇవ్వరు."

"మరి ఆ మాట ముందే చెప్పకూడదా తల్లీ! నా మందు నేను రాసుకోకుండా చేస్తారేమోనని నెల్నాళ్ళ నుంచి తిండి సయించలే. ఎవరికీ రాకుంటే చాలు నాకు."

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. వచ్చిన మనిషికి దేనికి భయమో అడక్కుండా చట్టం చదివి వినిపించడం ఎంత దండగో నాకు ఆ రోజు తెలిసింది. తెలిసిందన్నానే గానీ ఒంటబట్టిందనలేదు. ఒంటబట్టడానికి కాశయ్య రావాల్సి వచ్చింది.

చెన్నై పెద్దాయన

ఒంటబట్టకపోవడంలో మా చెన్నై పెద్దాయన వాటా కొంత ఉంది. ఆయన రాత అద్భుతం. పది పేజీల ముసాయిదా ఇస్తే చదివి, చివరి పేజీ వెనక ఒక్క వాక్యం రాసి, "ఇదే నీ విషయం, మిగతాది చెత్త" అనేవాడు. నిజంగా చెత్తే. వస్తువులో కొత్తదనం ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే అది మనకు అర్థం కానట్టేనని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రుణం తీరదు.

కానీ ఆయన నేర్పిన ఇంకో సంగతి ఉత్త తప్పు. మన పని కాగితం మీద, క్లయింటు గుమ్మం తొక్కకూడదు, వాళ్ళ గోడు వింటే బుర్ర పాడవుతుంది అనేవాడు. చెన్నైలో పెద్ద కంపెనీల పని చేసేవాళ్ళకు అది చెల్లింది. కంపెనీల్లో గోడు రాసి పంపడానికి వేరే మనుషులుంటారు. నేను దాన్ని మార్కాపురం తెచ్చుకున్నాను. దానికి తోడు నాకు కోపం ఎక్కువ. ఎదుటివాడు అడ్డంగా మాట్లాడితే వాక్యం పూర్తి కానివ్వను. మా ఇంట్లో అందరికీ ఇది తెలుసు.

కాశయ్య

కాశయ్య సొంతూరు చంద్రశేఖరపురం వైపు పల్లె. వాళ్ళది గొర్రెలు మేపుకునే ఇల్లు. వాన లేని ఒక ఏడు మార్కాపురం వచ్చి వెల్డింగు నేర్చుకుని, పలకల కార్ఖానాల్లో మిషన్లు బాగుచేసే పనిలో స్థిరపడ్డాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. మొదటి రోజే అక్కా అని పిలిచాడు. ఇక్కడ అందరూ అందరికీ ఏదో ఒక వరస అవుతారు కాబట్టి నేనేమీ ప్రత్యేకం కాదు.

కుర్చీలో కూర్చోకుండానే తన కథ చెప్పాడు. కొన్నేళ్ళ కిందట పలకకు చెక్క చట్రం బిగించే ప్రెస్సు ఒకటి సొంతంగా తయారుచేశాడట. వేరే రాష్ట్రం కంపెనీ మనిషి ఎవరో వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని వెళ్ళాడట. ఏడాదిలో అచ్చు అలాంటి ప్రెస్సులే ఆ కంపెనీ పేరుతో మార్కాపురంలో దిగాయి. కార్ఖానాల వాళ్ళు అవే కొన్నారు.

"అవి చెడిపోతే బాగు చేసేదానికి నన్నే పిలుస్తారక్కా. పోతా. కూలి గదా. నేను చేసిన మిషను మీద ఎవనిదో పేరు. దాని కింద పండుకొని నట్లు బిగిస్తా ఉంటే ఎట్లుంటాదో నీకు తెలీదు. ఇప్పుడు ఇంకొకటి చేసినా. ఇదన్నా నాది అనిపించుకోవాల."

కొత్తగా చేసింది రాయి పొరలు విడదీసే మిషను. పలక రాయి పొరలు పొరలుగా ఉంటుంది. గని నుంచి వచ్చిన దిమ్మను ఉలీ సుత్తీ పెట్టి చేత్తో చీలుస్తారు. చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే పొర విరిగిపోతుంది. కాశయ్య మిషను దిమ్మను రబ్బరు మెత్తల మధ్య పట్టుకుంటుంది. రెండు వైపుల నుంచీ పలచని బ్లేళ్ళు కొంచెం కొంచెంగా పొరలోకి దిగుతాయి. రాయి గట్టిగా తగిలినచోట ఆ పక్క బ్లేడు తనంతట తనే ఆగిపోతుంది, రెండో పక్కది దిగుతుంది. ఆగేలా చేసేది లోపల ఉన్న ఒక స్ప్రింగు. పెద్దాయన చెప్పినట్టు నేను ఒక్క వాక్యం రాసుకున్నాను: గట్టి తగిలితే ఆగే బ్లేడు. బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. ఆ స్ప్రింగు పెట్టాలన్న ఆలోచన ఎందుకొచ్చిందని మాత్రం అడగలేదు.

దరఖాస్తుకు ముందు అందరినీ అడిగే ప్రశ్న అతన్నీ అడిగాను.

"దీన్ని బయట ఎవరికైనా చూపించావా?"

"బయటివాళ్ళకెవరికీ చూపలేదక్కా."

"ఇకమీద కూడా ఎవరికీ చూపకు. షెడ్డుకు తాళం పెట్టు."

దరఖాస్తు పంపాను. పని బాగా చేశానన్న తృప్తితో రైలెక్కాను.

వీడియో

దరఖాస్తు పెట్టిన కొంతకాలానికి దాన్ని ప్రభుత్వమే అందరూ చదవడానికి ప్రచురిస్తుంది. అప్పుడు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. మాకు అభ్యంతరం వచ్చింది. పెట్టింది ఆ ప్రెస్సుల కంపెనీయే. ఈ మిషను మార్కాపురంలో దరఖాస్తుకు నాలుగు నెలల ముందే అందరి ఎదుటా నడిచింది, కాబట్టి ఇందులో కొత్త లేదు, హక్కు ఇవ్వవద్దు అని రాశారు. సాక్ష్యంగా పన్నెండు నిమిషాల వీడియో జతచేశారు.

పెట్టి చూశాను. ఒక షెడ్డు, అందులో కాశయ్య, అతని మిషను. ముప్పై మంది దాకా జనం. ఒక్కొక్కరే రాతి దిమ్మ తెచ్చి మిషనులో పెడుతున్నారు, పొర విడివడుతోంది, అందరూ తలలూపుతున్నారు. మూడు నిమిషాలు చూసేసరికి కేసు పోయిందనుకున్నాను. ఆపేశాను. కాశయ్యను పిలిపించాను.

"ఎవరికీ చూపలేదన్నావు. ఈ జనమంతా ఎవరు?"

కాశయ్య తెర మీద వేలు పెట్టి చూపించాడు. "ఈయన రంగయ్య మామ. ఈయన మా బావ వరస. ఇతను అన్న. అందరూ మన కార్ఖానాల వాళ్ళే గదక్కా. బయటివాళ్ళు యాడున్నారు?"

కార్ఖానాల వాళ్ళ పద్ధతి అతను అప్పుడు చెప్పాడు. కొత్త మిషను ఎవరు చేసినా, ఒక్కొక్క కార్ఖానా యజమాని తన గని రాయి తనే తెచ్చి, మేకుతో తన గుర్తు గీసి, ఎదురుగా నిలబడి ఆడించి చూడందే ఆ మిషనును మిషనని ఒప్పుకోరు. ఒక గని రాయి మెత్తన, ఇంకో గనిది మొండి. తన రాయి వేరేవాళ్ళ చేతికిచ్చి పంపరు. చూడనివ్వను పొమ్మంటే ఆ మనిషితో మాటే ఉండదు. ఆ రోజు జనంలో కలిసిపోయి ఫోనులో తీసినవాడు కంపెనీ మనిషని ఎవరికీ తెలియదు. ఎవరికో చుట్టమనుకుని టీ కూడా ఇచ్చారట.

మామలు కానీ బావలు కానీ, దాచిపెట్టమని చెప్పకుండా చూపిస్తే చట్టం దృష్టిలో వాళ్ళు ప్రజలే. ఈ సంగతి చల్లగా చెప్పాల్సింది. నేను అరిచాను. నీ చేతులతో నువ్వే చెడగొట్టుకున్నావు, నా మాట పోగొట్టావు, ఇంక చేసేదేం లేదు అన్నాను.

"అక్కా, ఆ రోజు ఏమైందంటే..." అన్నాడు.

"ఏమైందో కళ్ళారా చూశాను. ఇంకేం చెప్పకు."

తల వంచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నా వృత్తిలో నేను చేసిన తప్పుల్లో ఇది అన్నిటికంటే పెద్దది. అతను చెప్పబోయిన మాటలోనే కేసు మొత్తం ఉంది.

తిరుపతమ్మ

జవాబుకు గడువు దగ్గరపడింది. చేతులెత్తేయాలంటే కూడా క్లయింటు సంతకం కావాలి. కాశయ్య ఫోను ఎత్తడం లేదు. ఎన్నేళ్ళ నియమమో అది, దాన్ని పక్కనపెట్టి మొదటిసారి ఒక క్లయింటు ఇంటికి వెళ్ళాను.

కాశయ్య పనికి వెళ్ళాడు. అతని భార్య తిరుపతమ్మ వాకిట్లో అంట్లు తోముతోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది కానీ నవ్వలేదు. వెనక షెడ్డుకు తాళం వేసి ఉంది. తలుపు సందులోంచి చూస్తే మిషను మీద టార్పాలిను, దాని మీద దుమ్ము.

"మిషను వాడటం లేదా?"

"నువ్వే గదా వదినా ఎవరికీ చూపొద్దన్యావు. ఆ పొద్దు వేసిన తాళం. రెండేళ్ళయింది. రంగయ్య మామ వచ్చి అడిగినా తియ్యలే."

నాకు తల కొట్టేసినట్టయింది. దరఖాస్తు చేరిన మర్నాటి నుంచి ఆ మిషను నలుగురికీ చూపించవచ్చు, ఆడించవచ్చు, చేసి అమ్ముకోవచ్చు కూడా. చూపకు అని చెప్పానే గానీ, ఇక చూపవచ్చు అని చెప్పడం మరిచిపోయాను. నాకు అది రోజూ తెలిసిన సంగతి కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. ఆ మాట తిరుపతమ్మకు చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"అదొక తప్పు సరే. ఆయన చెప్పబోతే నోరు మూయించినావంట, అదెట్ల వదినా? పగిలిన సంగతి నీకు చెప్పాలనే ఆ రోజు నోరు తెరిచినాడు. ఇంతకాలం సిగ్గుపడి చెప్పలే."

"ఏం పగిలింది?"

ఆమె తాను అంట్లు తోముతున్న చోటికి వేలు చూపించింది. నేల మీద పరిచిన రాళ్ళు పలక ముక్కలు. అడ్డంగా విరిగినవి, కొన్నిటి మీద మేకుతో గీసిన గుర్తులు.

"ఆ రోజు మొదట మెత్తరాళ్ళు బాగానే విడినాయి. రంగయ్య మామది మొండిరాయి. అది పెట్టంగానే ఫట్టుమని పగిలింది. ఆ ఎనక ఇంకో ముగ్గురివి పగిలినాయి. అందరూ ఒకటే నవ్వు. ఈయన వారం దినాలు బజారుకు పోలే. ఆ ఎనకనే గదా ఆ స్ప్రింగు పెట్టినాడు. అంతకుముందు యాడుంది స్ప్రింగు?"

నేను అంట్ల మధ్యే కూర్చుండిపోయాను. మేము హక్కు అడిగిందే ఆ స్ప్రింగుకు. వీడియోలో ఉన్న మిషనులో అది లేనే లేదు!

మిగతా తొమ్మిది నిమిషాలు

ఆఫీసుకు వెళ్ళి వీడియో చివరిదాకా చూశాను. ఆరో నిమిషంలో తెల్ల తలపాగా పెద్దమనిషి, రంగయ్య, తన దిమ్మ పెట్టాడు. అది పగిలింది. గదంతా నవ్వులు. ఆ నవ్వులు తగ్గాక రంగయ్య మాట స్పష్టంగా వినిపించింది.

"ఏందిరా కాశయ్యా, నా రాయి పాయ. ఇంకా కుదరలే నీ మిషను."

"ఇది పరీక్షే గదా మామా. అమ్మేదానికి గాదు. మళ్ళా మారుస్తా."

తొమ్మిదో నిమిషంలో కాశయ్య మూత విప్పాడు. రంగయ్య లోపలికి తొంగి చూశాడు, ఫోను పట్టుకున్నవాడు కూడా చూశాడు. బ్లేళ్ళు రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉన్నాయి. స్ప్రింగు లేదు. కేసు నడిపే కంపెనీ ఆఫీసువాళ్ళకు తెలుగు రాదు. వాళ్ళు కూడా నాలాగే మూడు నిమిషాలు చూసి, సరిపోయిందనుకుని, మొత్తం వీడియో తెచ్చి మా చేతిలో పెట్టారు. ఆ రోజు నాకు వచ్చిన నవ్వులో సగం సంతోషం, సగం సిగ్గు.

అయినా ఒక్క వీడియో చాలదు. ఆ రోజు జరిగింది పరీక్షేనని, అమ్మకం జరగలేదని అక్కడున్నవాళ్ళు ప్రమాణపత్రం మీద చెప్పాలి. ఇక్కడ నాకు గుబులు పట్టుకుంది. కాశయ్యకు హక్కు రాకపోతే ఆ మిషను ఎవరైనా చేయవచ్చు, కార్ఖానాల వాళ్ళు ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు. వాళ్ళు సంతకం పెట్టడమంటే తమకు తాము అడ్డు కట్టుకోవడమే. కాశయ్యను తీసుకుని రంగయ్య కార్ఖానాకు వెళ్ళి, ఈ సంగతి కూడా దాచకుండా చెప్పాను.

రంగయ్య అంతా విని కాశయ్య వైపు తిరిగాడు.

"మేం నవ్వినందుకు తాళం పెట్టినావనుకున్యా రా. రెండేండ్లు నా మీద కోపమనుకున్యా."

"కోపం గాదు మామా. అక్క చూపొద్దనింది."

"ఏమ్మా, అంత మాట చెప్పేదానివి, ఎంతకాలమో కూడా చెప్పాల గదా!" అని నన్ను చీవాట్లు పెట్టాడు. తలకాయ వంచుకుని పడ్డాను. తర్వాత అన్నాడు. "పగిలింది నా రాయి. పరీక్ష చేసింది మేము. ఆ మాట రాసేదానికి లాభమేంది, నష్టమేంది? జరిగింది గదా. యాడ పెట్టాల సంతకం?"

ఆయన పెట్టాక, రాళ్ళు పగిలిన మిగతా ముగ్గురూ పెట్టారు. తిరుపతమ్మ అంట్ల దగ్గరి రాళ్ళలో గుర్తులున్న నాలుగింటిని పెరికి, కడిగి ఇచ్చింది. ఫోటోలు తీయించి జతచేశాను. వీడియోలోని మాటలన్నీ ఇంగ్లీషులో పెట్టి, అనువాదం సరైనదని ప్రమాణం చేయించి పంపాను.

విచారణ

ఇప్పుడు విచారణలు వీడియోలోనే జరుగుతాయి. చెన్నై వెళ్ళే పని లేదు. మా మేడ మీది గదిలో నేను, నా పక్కన ఉతికిన తెల్ల చొక్కాతో కాశయ్య. కరెంటు పోతుందేమోనని ఇన్వర్టరు రెండుసార్లు పరీక్షించాను.

అవతలి న్యాయవాది మంచి మాటకారి. నాలుగు నెలల ముందే ముప్పై మంది ఎదుట నడిచిందని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. నా వంతు రాగానే, వారి వీడియోనే ఆరో నిమిషం నుంచి చూడమని అధికారిని కోరాను. పెట్టారు. రాయి పగిలింది. నవ్వులు వినిపించాయి. అధికారి తమిళాయన, కళ్ళద్దాలు సర్దుకుని అడిగాడు.

"వీళ్ళెందుకు నవ్వుతున్నారు?"

నేను జవాబు చెప్పేముందు కాశయ్య వైపు చూశాను. అతను మోకాళ్ళ వైపు చూస్తున్నాడు. ఇంగ్లీషు రాకపోయినా ఏం అడిగారో అతనికి అర్థమైంది. ఆ నవ్వుల కోసం వారం రోజులు బజారుకు వెళ్ళని మనిషి. చెప్పడానికి నాకు మనసొప్పలేదు, కానీ చెప్పకపోతే పని కాదు.

"మిషను పనిచేయలేదని నవ్వుతున్నారు సార్. ఆ రోజు అది ఓడిపోయింది. మేము హక్కు అడుగుతున్న స్ప్రింగు ఈ ఓటమి తర్వాత పుట్టింది. తొమ్మిదో నిమిషంలో మూత తీసినప్పుడు చూడండి, లోపల అది లేదు. ఇక్కడి రాయి గనికొక రకం, ఎవరి రాయి వారే తెచ్చి పరీక్షిస్తారు. ఇలాంటి మిషనును నాలుగు గోడల మధ్య పరీక్షించడం కుదరదు."

అధికారి తొమ్మిదో నిమిషం దగ్గర వీడియో ఆపి చాలాసేపు చూశాడు. ఉత్తర్వు తర్వాత ఇస్తామని ముగించారు. కాశయ్య ఏమైందక్కా అని అడిగాడు. ఏమవుతుందో తెలియదు, చెప్పాల్సింది మాత్రం అంతా చెప్పాను అన్నాను. ఈ వృత్తిలో మనస్ఫూర్తిగా అనగలిగేది అంతే.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది కూడా పెద్దగా లేదు. వస్తువు ఎలా పనిచేస్తుందో అందరూ అడుగుతారు. అది ఎక్కడెక్కడ చెడిపోయిందో, ఎవరి ముందు పరువు తీసిందో మీరు అడగండి. అది మనిషి తనంతట తాను చెప్పడు. అడిగాక నోరు మూసుకుని వినండి. వాళ్ళ ఇంటికి వెళ్ళండి. వద్దని చెప్పినప్పుడు ఎప్పటిదాకానో కూడా చెప్పండి.

ఉత్తర్వు కొన్ని వారాలకు ఒక ఉదయం వచ్చింది. అలవాటు ప్రకారం చివరి పేరా ముందు చదివాను. అభ్యంతరం తోసిపుచ్చి, పేటెంటు ఇచ్చారు. ఇంకోసారి చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి చదివి, కాశయ్యకు ఫోను చేశాను.

"యాడున్నావు?"

"మామ కార్ఖానాలో అక్కా. ఆ కంపెనీ ప్రెస్సు మళ్ళా చెడిపాయ. కింద పండుకొని ఉన్యా."

"లేచి బయటికి రా."

"రెండు నట్లే ఉన్నాయి, బిగించి వస్తా."

"ముందు రా కాశయ్యా. వచ్చింది. నీ పేరుతో వచ్చింది."

పానా కింద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత అతను ప్రెస్సు కిందనుంచి పాక్కుంటూ బయటికి వస్తున్న అలికిడి.

"ఇంక ఆ రాయి మిషను మీద ఎవరూ వాళ్ళ పేరు వేసుకునేదానికి లేదా అక్కా?"

"లేదు. నీ అనుమతి లేకుండా అసలు చేయడానికే లేదు."

"అది చెడిపోతే? బాగు చేసేదానికి నన్నే పిలుస్తారా?"

"ఇంకెవరిని పిలుస్తారు?"

"పిలవనీలే. పోతా. కూలికి గాదు, నాది గాబట్టి పోతా."

నేను ఫోను పెట్టేశాను. కుర్చీలో వెనక్కి వాలి ఏడ్చేశాను. ఇన్నేళ్ళ వృత్తిలో అంత హాయిగా ఏడ్చింది ఆ ఒక్కసారే.